దెబ్బలాడుకున్నాం అంటే కొట్టుకున్నామని కాదు

మీరు రాసిందంతా చదివాను. మీది తెనాలి, ఆయనది కరీంనగర్, కాపురం హైదరాబాద్‌లో. ఊరికి డబ్బు పంపే విషయంలో రాత్రి మాటామాటా పెరిగింది. పొద్దున అత్తగారు ఫోన్ చేసి గొంతు అలా ఉందేంటని అడిగితే "రాత్రి దెబ్బలాడుకున్నాం అత్తయ్యా" అన్నారు, ఆవిడ కొడుకు మీ మీద చెయ్యి చేసుకున్నాడేమోనని హడలిపోయి మామగారిని వెంటబెట్టుకుని సాయంత్రానికల్లా బస్సు దిగారు. మీ ఆయనేమో "ఇంత పంచాయితీ ఎందుకు పెట్టినవ్" అన్నారు. నలుగురినీ పిలిపించానని నింద వేస్తున్నారని మీకు కోపం. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదండీ. కోస్తాలో దెబ్బలాట అంటే నోటితో పోట్లాడుకోవడమే, అక్కాచెల్లెళ్లు దువ్వెన కోసం పొద్దస్తమానం దెబ్బలాడుకుంటారు, ఎవరికీ ఒక్క దెబ్బా తగలదు. మీ అత్తగారి చెవికి అందులో 'దెబ్బ' ఒక్కటే వినపడింది. పంచాయితీ కూడా అంతే. మీ వైపు పెద్దమనుషులు కూర్చునేదాకా పోతేనే ఆ మాట వాడతారు, తెలంగాణలో ఇద్దరి మధ్య ఏ పేచీ వచ్చినా పంచాయితీయే. పిల్లలు అల్లరి చేసినా లొల్లే, మొగుడూ పెళ్లాం అరుచుకున్నా లొల్లే. కొట్లాట అయితే అక్కడ గౌరవం ఉన్న మాట కూడా, 2014లో వచ్చిన రాష్ట్రాన్ని కొట్లాడి తెచ్చుకున్నామనే చెప్పుకుంటారు. కాబట్టి పంచాయితీ అన్న మాట దగ్గర మీ కోపం వదిలేయండి. ఇంకోటి చూడండి, ఆవిడ కొడుకుని వెనకేసుకురావడానికి రాలేదు, మీకేమైందోనని వచ్చారు. ఎంతమందికి దొరుకుతుంది అలాంటి అత్తగారు!

నన్ను నిజంగా బాధపెట్టింది మీ ఉత్తరం చివర్లో వచ్చిన వాక్యం. "మాది చిన్న గొడవే, కాకపోతే కోపమొస్తే మీ నాన్న ఏమిచ్చాడని అంటారు" అని రాశారు. దాన్ని గొడవ అనకండి, అది దెప్పిపొడుపు. తగువుకి ఒక విషయం ఉంటుంది, మీ ఇద్దరి విషయంలో ఊరికి నెలనెలా ఎంత పంపాలన్నది. అది తేలితే తగువు తీరుతుంది. దెప్పడంలో తేలాల్సిందేమీ ఉండదు, ఎదుటి మనిషిని చిన్నబుచ్చడమే దాని పని. 2005 గృహహింస చట్టం కూడా అవమానించడాన్ని, ఎగతాళి చేయడాన్ని, తిట్టడాన్ని హింస కిందే లెక్కవేసింది. వెళ్లి కేసు పెట్టమనడం లేదు, మీకు నొప్పి కలిగిందంటే దానికి కారణం ఉందని చెబుతున్నాను. రేపెప్పుడైనా చెయ్యి లేస్తే మాత్రం దాన్ని గొడవ అని మీరూ అనొద్దు, స్టేషన్‌లో అయినా పెద్దల ముందైనా 'మొగుడూ పెళ్లాల గొడవ' అని ఎవర్నీ తేల్చెయ్యనివ్వొద్దు. "కొట్టాడు" అని చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. గొడవ అనే ఒక్క మాట కింద ఎన్ని దెబ్బలు దాచేస్తారో రోజూ చూస్తున్నాను.

ఇప్పుడు చేయాల్సింది. ఈ రాత్రి అన్నాలయ్యాక జీతం, అద్దె, ఇంటి ఖర్చు కాగితం మీద రాసుకుని ఊరికి ఎంత పంపగలరో ఆ ఒక్క సంగతే మాట్లాడండి. "నువ్వెప్పుడూ ఇంతే", "మీవాళ్లంతా ఇంతే" అనే మాటలు ఇద్దరి నోటా రాకూడదు. గొంతులు లేస్తే ఆపేయండి, కానీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటారో చెప్పి లేవండి, చెప్పకుండా లేచిపోతే అది అలకైపోతుంది, మీరిప్పుడు ఉన్నది అక్కడే. దంపతుల తగాదాలపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికా సైకాలజిస్టు జాన్ గాట్‌మన్, ఒంట్లో ఆ వేడి దిగడానికి కనీసం 20 నిమిషాలు పడుతుందంటారు. ఆ కాసేపూ ఫోన్‌లో అమ్మకి చెప్పుకోవడం వద్దు, మనసులో ఆ మాటలే తిప్పుకుంటూ కూర్చోవడమూ వద్దు.

లెక్క తేలాక, విడిగా, మామూలు గొంతుతో "మా నాన్న పేరు ఎత్తిన ప్రతిసారీ నాకు నీ మీద ఇష్టం కొంచెం చచ్చిపోతోంది, ఇంక అనకు" అని ఆయనకి చెప్పండి. అత్తగారికి కూడా ఫోన్ చెయ్యండి. "చిన్న లొల్లి అయింది, నన్ను కొట్టలేదు, మా వైపు అలా అంటాం" అని చెబితే ఆవిడ ఈ రాత్రికైనా నిద్రపోతారు. ఆయన ఆ మాట మళ్లీ అంటే ఏ సందర్భంలో అన్నారో రాసి పంపండి, ఈసారి ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాను.