టెక్ సందేహాలు: 28 అన్నారు, 19 వస్తోంది

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఊరు మారుతుంది, కారు రంగు మారుతుంది, అంకె మాత్రం మారదు. "ఏటండీ మాస్టారూ, షోరూంలో లీటరుకి 28 కిలోమీటర్లు అన్నారు, 19 దాటట్లేదు." శ్రీకాకుళం బలగ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి కాస్త వివరంగా రాశారు గనక ఆయన్నే పట్టుకుంటాను. స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఒంటరిగానూ కారుని నడపగల కరెంటు మోటారు ఉన్న బండి, కొని నాలుగు నెలలైంది. రోజూ ఏడు రోడ్ల కూడలి దగ్గరున్న బ్యాంకుకి మూడు కిలోమీటర్లు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాకపోక, సాయంత్రం తిరుగు ప్రయాణం. నెలకి రెండుసార్లు విశాఖపట్నం. లోపం కారుదా, తనదా అని అడిగారు.

లోపం ఆ 28ది. ఆ అంకె రోడ్డు మీద పుట్టలేదు. ప్రయోగశాలలో కారుని రోలర్ల మీదకెక్కించి, ఏసీ ఆపేసి, ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ తీసింది. అందులో గరిష్ఠ వేగం గంటకి 90 కిలోమీటర్లు. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపుకుని ఏడు రోడ్ల కూడలిలో నిలబడే మనిషి ఎవరైనా ఉంటే, ఆయన్ని అడుగుదాం ఎంత వస్తోందో.

మీ మూడు కిలోమీటర్ల సంగతి వేరు. చల్లారిన ఇంజిన్‌ని, పొగగొట్టం దారిలో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌ని వేడెక్కించాలి గనక బ్యాటరీలో చార్జి ఉన్నా సరే ఇంజిన్ తిరుగుతుంది. ఆ పని అయ్యి, ఇక ఇంజిన్ ఆపి మోటారు మీద పోదాం అని కారు అనుకునేసరికి మీ బ్యాంకు వచ్చేస్తుంది. రోజుకి నాలుగుసార్లు ఇదే తంతు. హైబ్రిడ్‌కి హైవే కంటే టౌనులోనే మైలేజీ ఎక్కువని సేల్స్ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. ఇంజిన్ వేడెక్కాక తిరిగే టౌను గురించి చెప్పాడు, అంతే.

ఇక విశాఖపట్నం. 110 కిలోమీటర్ల దూరాన్ని 110 వేగంతోనే కొడుతున్నారని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. గాలి అడ్డు వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించినట్టు పెరుగుతుంది. 80లో ఉన్నదానికి 110లో దాదాపు రెట్టింపు. హైబ్రిడ్ బ్రేకు తొక్కినప్పుడు బండి ఊపుని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాచుకుంటుంది. ఆ వేగంలో బ్రేకు తొక్కేది టోల్‌గేటు లాంటి చోట్లే కదా, బ్యాటరీలోకి తిరిగొచ్చేదేముంటుంది? పెట్రోలు కారులాగే పోతుంది. దీనికి తోడు బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. లెక్క వేస్తే అసలు పెట్రోలుతో పోల్చినప్పుడు ఆరేడు శాతం అక్కడే పోతుంది. దానికి మీరూ నేనూ చేయగలిగిందేమీ లేదు.

మీ వాడకానికి 21, 22 వస్తే పండగ చేసుకోండి. పాల ప్యాకెట్టుకో పని, రైతు బజారుకో పని అని విడివిడిగా కారు తియ్యకుండా అన్నీ ఒక్క తిరుగుడులో కానిచ్చుకోండి. ఇంకో మాట. డ్యాష్‌బోర్డు మీది అంకెని నమ్మకండి, అది మన మనసు తెలిసి మాట్లాడుతుంది. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ట్యాంకు నింపించి, నాజిల్ టక్కుమని ఆగిన చోట ఆపించేసి, తర్వాతిసారి మళ్లీ అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించండి. మూడు ట్యాంకుల సగటు తీశాక నాకు రాయండి.

బొబ్బిలి పాఠకుడికి: మీ కారు డిక్కీ మీద "హైబ్రిడ్" అని ఉంది, కరెంటు మోటారు మీదే నడిపించే ఈవీ బటన్ ఎక్కడుందో దొరకట్లేదంటున్నారు. మీది మైల్డ్ హైబ్రిడ్. అందులోని చిన్న మోటారు ఇంజిన్‌కి ఆసరా ఇస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ని తిరిగి లేపుతుంది. ఒంటరిగా కారుని నడపలేదు. వంటవాడి పక్కన ఉల్లిపాయలు తరిగేవాడికి కూడా వంటవాడనే బోర్డు తగిలించారు, అంతే. ఈ రెండు రకాలకీ ఒకే మాట రాయనివ్వడం నా దృష్టిలో మోసానికి మేనత్త కూతురు.

విజయనగరం నుంచి ఒక అమ్మాయి ప్రశ్న బాగుంది. ఆదివారం ఎస్.కోట మీదుగా అరకు వెళ్లారట. దిగేటప్పుడు అనంతగిరి ఘాట్‌లో బ్యాటరీ గీతలన్నీ నిండాయి, ఇంకా సగం ఘాట్ ఉండగానే ఇంజిన్ ఒక్కసారిగా హోరెత్తింది. యాక్సిలరేటర్ మీద కాలు కూడా లేదు. నాన్నగారు భయపడి కారు పక్కకి ఆపించారట.

అమ్మా, నాన్నగారికి ఈ లెక్క చూపించండి. మనుషులతో కలిపి 1500 కిలోల బండి 900 మీటర్ల ఎత్తు దిగితే వదిలే శక్తి సుమారు మూడున్నర యూనిట్ల కరెంటు. ఘర్షణకి, గాలికి కొంత పోగా మిగిలినది ఎక్కడికైనా పోవాలి కదా. మన మార్కెట్లో చాలా హైబ్రిడ్లలో బ్యాటరీ ఒకటి, ఒకటిన్నర యూనిట్ల లోపే. అందులోనూ కారు వాడుకునేది నడిమి భాగాన్నే. అడుగంటా ఖాళీ చెయ్యదు, అంచు దాకా నింపదు, బ్యాటరీ ఏళ్ల తరబడి మన్నేది అందుకే. సగం ఘాట్‌కే బిందె నిండింది. ఇంకా పోస్తే ఒలుకుతుంది గనక, మిగిలిన ఊపుని ఇంజిన్‌ని ఊరికే తిప్పడానికి ఖర్చు పెట్టింది. పెట్రోలు మండట్లేదు, బ్రేకులు కాలకుండా కాస్తోంది. తర్వాతిసారి దిగుడు మొదట్లోనే గేరుని ఇంజిన్‌తో బండిని పట్టి ఆపే "బి"లో వెయ్యండి. ఆ హోరు వింటే నాకైతే ధైర్యంగా ఉంటుంది.

"బ్యాటరీ ఎప్పుడూ ఫుల్ అవ్వట్లేదు, ఫోన్ అయితే 100 చూపిస్తుంది కదా" అని అడిగిన మిగతా ఆరుగురికీ జవాబు పై పేరాలోనే ఉంది.

నరసన్నపేట ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. రిటైరైన దంపతులు అమెరికాలో కొడుకు దగ్గర రెండు నెలలుండి వచ్చారు. షెడ్డులో కారు చచ్చినట్టు పడుంది. తాళం రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఒక మెకానిక్ వచ్చి చూసి "హైబ్రిడ్ బ్యాటరీ పోనాది, లక్షలవుద్ది" అని తేల్చేశాడు. పెద్దాయనకి రెండు రాత్రులు నిద్ర లేదు.

పోయింది పెద్ద బ్యాటరీ కాదు. దాదాపు ప్రతి హైబ్రిడ్‌లోనూ మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది. కొన్నింట్లో బానెట్ కింద, కొన్నింట్లో డిక్కీలోనో వెనక సీటు కిందో. పెద్ద బ్యాటరీని కారుకి కలిపే రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులు, ఆన్ అవ్వాలంటే ఈ చిన్నదాని కరెంటే కావాలి. గోదాము నిండా ధాన్యం ఉన్నా తాళంచెవి పోతే పస్తే కదా, అలాంటిదే. అలారం, యాప్‌తో మాట్లాడే సిమ్ ఇవన్నీ కారు నిద్రలో ఉన్నా ఆ చిన్న బ్యాటరీనే పీల్చుకుంటాయి. రెండు నెలలు తట్టుకోలేదు. పెద్ద బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. లక్షలని ఎవరైనా నోరు తెరిస్తే ముందు ఆ కాగితం తీసి చూపించండి. రిమోట్ పని చెయ్యకపోతే దాని లోపలే దాగి ఉన్న ఇనుప తాళంచెవితో తలుపు తియ్యండి. బయటి బ్యాటరీతో జంప్ ఇచ్చేటప్పుడు ప్లస్సు మైనస్సు తారుమారైతే బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చే కారు ఇన్వర్టర్ దాకా దెబ్బ తగలొచ్చు. పక్కింటి ట్రాక్టర్ తెప్పించకండి, సర్వీసు వాళ్లని పిలవండి.

రెండు బ్యాటరీలున్న బండి "బ్యాటరీ" అన్నప్పుడు రెండిట్లో ఏ బ్యాటరీయో చెప్పాలన్న బుద్ధి, ఈ తెరలు రూపొందించేవాళ్లకి లేదు. అరచెయ్యంత తెర మీద పాటల బొమ్మలు కదులుతాయి, నీళ్లలో పువ్వులు విచ్చుకుంటాయి, చిన్న బ్యాటరీ దిగిపోయినా "హైబ్రిడ్ సిస్టమ్ చూపించండి" అని ఒకటే అరుపు. అదీ ఇంగ్లీషులో. ఏసీ మీటల్ని కూడా మింగేసిన తెరకి మూడు ముక్కలు విడమరచి చెప్పడం బరువా?

ఎక్కువ రోజులు వాడకపోతే వారానికోసారి అరగంట పైగా "రెడీ" దీపం వెలిగేలా ఆన్ చేసి ఉంచండి. పాటల కోసం సగం ఆన్ చేస్తే ఉన్న చార్జి కరిగిపోతుంది. ఇదంతా ఆరుబయట, పక్కన మనిషి ఉండగా చెయ్యాలి. హైబ్రిడ్ చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉంటుంది గనక ఆపేశామనుకుని జనం ఇంట్లోకి వెళ్లిపోతారు. కాసేపటికి బ్యాటరీ తగ్గి ఇంజిన్ తనంతట తాను లేస్తుంది. మూసిన షెడ్డులో, ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. దానికి వాసన లేదు. తాళంతో పని లేని బటన్ కార్ల వల్ల ఇలా ఇళ్లలో ప్రాణాలు పోయిన ఘటనలు అమెరికాలో నమోదయ్యాయి.

చీపురుపల్లి కుర్రాడొకడు, ఇంజినీరింగ్ మూడో ఏడు, ఆన్‌లైన్‌లో 700 రూపాయలు పెట్టి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొన్నాడు. స్టీరింగ్ కింద, మోకాలికి తగిలే చోట, మెకానిక్‌లు కంప్యూటర్ పెట్టి చూసే సాకెట్‌లో గుచ్చితే ఫోన్‌లో బ్యాటరీ సెల్ వోల్టేజీలు, అప్పటికప్పుడు మైలేజీ కనిపిస్తాయి. మూడు నెలలుగా అక్కడే ఉంచేశాడు. ఏ యాప్ మంచిదో చెప్పమన్నాడు.

బాబూ, ముందు దాన్ని పీకు. ఆ సాకెట్ నుంచి కారు లోపలి నెట్‌వర్క్‌లోకి దారి ఉంది. చవక డాంగిల్‌కి పిన్ 1234, లేకపోతే 0000. కొన్నింటికి అదీ లేదు. నువ్వు కారు ఆపి టీ తాగుతుంటే పక్క బల్ల మీది ఫోన్ కూడా దానికి కలవొచ్చు. 2015లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ సాకెట్‌లో పెట్టిన ఇన్సూరెన్స్ డాంగిల్‌కి ఎస్సెమ్మెస్‌లు పంపి ఒక కారు వైపర్లు ఆడించారు, మెల్లగా పోతున్నప్పుడు బ్రేకుల్ని తమ చేతిలోకి తీసుకున్నారు. అది సిమ్ ఉన్న డాంగిల్, నీది బ్లూటూత్‌ది, దూరం నుంచి కుదరదు. కానీ నీ డాంగిల్ లోపలి సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారో అమ్మినవాడికీ తెలియదు. పైగా కారు ఆపినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. చిన్న బ్యాటరీ కథ పైన చదివావు కదా. చూడాలనిపిస్తే పెట్టు, చూడు, తీసి జేబులో వేసుకో. మొబైల్ నంబర్లు, లొకేషన్ అడిగే యాప్ వద్దు. ప్లేస్టోర్‌లో కాక వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చింది అసలే వద్దు. ఈ-చలాన్ పేరుతో వచ్చే ఏపీకేలు ఫోన్లలోకి దూరి ఖాతాలు ఊడ్చేసినట్టే, మైలేజీ పేరుతోనూ దూరతాయి.

అయినా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ డాంగిల్ కాదు, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి ఒక వ్యాపారి రాసిన నాలుగు వాక్యాలు. సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొన్నారు. మైలేజీ ఉన్నట్టుండి పడిపోయిందని అడిగారు. చివరలో, ఏదో గుర్తొచ్చినట్టు, "కొన్నిసార్లు పొద్దున్నే ఏసీ దానంతటదే ఆన్ అయి ఉంటోంది, రెండుసార్లు తలుపుల లాక్ తీసి ఉంది" అన్నారు.

దయ్యం కాదండీ. పాత యజమాని ఫోన్‌లో, కారుని దూరం నుంచి ఆడించే కంపెనీ యాప్ ఇంకా బతికే ఉంది. వాళ్లింట్లో పిల్లలెవరో నొక్కుతున్నారేమో. ఏసీ అలా నడిస్తే ఇంజిన్ లేస్తుంది, మైలేజీ పోక ఏమవుతుంది? అది చిన్న విషయం. మీ కారు ఈ నిమిషంలో ఎక్కడుందో, రాత్రి ఏ వీధిలో నిలిపారో, మీ అమ్మాయి ట్యూషన్ నుంచి ఎన్నింటికి వస్తోందో ఒక పరాయి మనిషి ఫోన్‌లో మ్యాపు మీద కనిపిస్తోంది. తలుపు లాక్ తీసే బటన్ కూడా అందులోనే ఉంది. ఆర్సీ మీ పేరు మీద మారింది, ఇన్సూరెన్స్ మారింది, తాళం మాత్రం మారలేదు.

కొత్త కారుల్లోనూ ఇదే చూశాను. డెలివరీ రోజు పూలదండలు, ఫోటోలు, కొబ్బరికాయల హడావుడిలో యాప్ యాక్టివేషన్ షోరూం కుర్రాడి నంబరుతో కానిచ్చేస్తారు, "తర్వాత మార్చుకోండి సార్" అంటారు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. నా కారుకీ అలాగే జరిగింది. అయిదు నెలల తర్వాత యాప్ సెట్టింగుల్లోకి వెళ్తే ఓనర్ అన్నచోట నాకు తెలియని నంబరు. అది కనిపించినప్పుడు మెడ వెనక చల్లగా అయింది. ఆ కుర్రాడు మంచివాడే, అప్పటికి ఉద్యోగం మారి వేరే ఊరెళ్లిపోయాడు, నంబరు మాత్రం అతనితోనే వెళ్లింది.

కాబట్టి వ్యాపారి గారూ, ఈ రోజే పాత యజమానికి ఫోన్ చేసి ఆయన ఖాతాలోంచి కారుని తీసేయించండి. ఒప్పుకోకపోయినా, దొరక్కపోయినా ఆర్సీ పట్టుకుని సర్వీసు సెంటరుకి వెళ్లి ఓనర్‌ని మార్చమనండి. తెరని ఫ్యాక్టరీ రీసెట్ చేసి పాత ఫోన్లన్నీ చెరిపేయండి. కారుకి ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో అడగండి. మీ చేతిలో రెండుండి వాళ్ల కంప్యూటర్‌లో మూడు కనిపిస్తే మూడోదాన్ని రద్దు చేయించండి. అద్దం మీది ఫాస్టాగ్ కూడా చూసుకోండి, మీ టోలు ఎస్సెమ్మెస్‌లు ఇంకా ఆయనకే పోతున్నాయేమో.

చివరిది పలాస నుంచి. వెనక సీటు దగ్గర ఫ్యాను గోల, బ్యాటరీ వేడెక్కిందని హెచ్చరిక. ఫోటో పంపారు గనక సరిపోయింది. సీటు పక్కన చిన్న జాలీ ఉంది చూశారా, పెద్ద బ్యాటరీకి గాలి వెళ్లేది అందులోంచే. దాని ముందు జీడిపప్పు బస్తా ఆనించి ఉంది, జాలీ కన్నాల్లో గోధుమరంగు పొట్టు. బస్తా డిక్కీలోకి మార్చండి, జాలీ వెనక ఫిల్టర్ తీయించి దులిపించండి. నీళ్లు కొట్టొద్దు, పెద్ద బ్యాటరీ కరెంటు పోయే నారింజరంగు వైర్ల జోలికి వెళ్లొద్దు.