టెన్నిస్ కుటుంబంలో పుట్టిన పిల్లలకు ప్రొఫెషనల్ కెరీర్ తేలికవుతుందా?

మీ పాపకు 11 ఏళ్లనీ, మీరూ మీవారూ యూనివర్సిటీ టీమ్‌లో టెన్నిస్ ఆడారనీ, కాబట్టి పాప దారి సులువవుతుందా అనీ అడిగారు. మొదట్లో చాలా సులువవుతుంది. కానీ టెన్నిస్ ఇల్లు పిల్లలకు తన బలాన్నే కాదు, తన లోటును కూడా ఇస్తుంది. నేను దాన్ని అనుభవించాను కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న గుంటూరులో ఒక క్లబ్బులో మార్కర్, అంటే కోర్టు చూసుకుంటూ మెంబర్లతో ఆడే ఉద్యోగి. పొద్దున నాలుగున్నరకే మట్టి కోర్టుకు నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేసి, నెట్ బిగించేవాడు. మెంబర్లు వచ్చేలోపు దొరికే అరగంట నాది. నూగు రాలిపోయిన బంతులు బకెట్లో వేసుకుని, సర్వీస్ లైన్ దగ్గర నిలబడి, ఒక్కొక్కటే చేత్తో వేసేవాడు. "బంతి లేస్తుండగానే అందుకో, దిగేదాకా ఆగకు." నాలుగేళ్లు ఇదే మాట. రాకెట్‌కి బంతి నడిమధ్యన తగిలితే వచ్చే చప్పుడు వేరు. నాన్న అటు తిరిగి ఉన్నా అది విని "ఆఁ, అదీ" అనేవాడు. నెలకు వేలు పోసినా అకాడమీలో ఆ చదువు దొరకదు.

నాన్నకు మన దేశపు టెన్నిస్ ఆటగాడు రమేష్ కృష్ణన్ అంటే ప్రాణం. అది మూడు తరాల టెన్నిస్ ఇల్లు. తాత టి.కె. రామనాథన్ దగ్గరే తండ్రి రామనాథన్ కృష్ణన్ ఆట నేర్చుకున్నారు. ఆయన 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచారు, 1960, 1961లలో వరుసగా వింబుల్డన్ సెమీఫైనల్ ఆడారు. సరిగ్గా 25 ఏళ్లకు, 1979లో, రమేష్ అదే జూనియర్ టైటిల్ గెలిచాడు. ఆ ఏడాదే ఫ్రెంచ్ జూనియర్ కూడా. అప్పటికి అతనికి 18 ఏళ్లు. ఇక్కడిదాకా ఇంటి చలవే అనుకోవచ్చు.

ఆ తర్వాత కథ వేరు. మెత్తటి చెయ్యి, బంతిని ముందే అందుకోవడం, కోర్టులో ఖాళీ ఎక్కడుందో చూడటం తండ్రి నుంచి వచ్చాయి. నెమ్మదైన సర్వీస్ కూడా అక్కడి నుంచే వచ్చింది. కానీ రమేష్ ఆడింది గ్రాఫైట్ రాకెట్లతో బంతిని బలంగా బాదే కాలం. జర్మనీ ఆటగాడు బెకర్ లాంటి వాళ్లు సర్వీస్‌తోనే పాయింట్లు లాగేస్తుంటే, అతను ప్రతి పాయింటూ ర్యాలీ ఆడి సంపాదించుకోవాలి. అయినా 1981, 1987 యూఎస్ ఓపెన్‌లలో, 1986 వింబుల్డన్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. 1981లో అమెరికా స్టార్ మెకెన్రో మీద మొదటి సెట్ గెలిచాడు కూడా. 1985లో 23వ ర్యాంకు, కెరీర్ మొత్తంలో 8 సింగిల్స్ టైటిల్స్. 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అప్పటి నంబర్ వన్ విలాండర్‌ని వరుస సెట్లలో ఓడించాడు. మన దేశంలో ఇంత అందంగా ఆడినవాళ్లను నేను చూడలేదు. ఆ చేతికి ఇంకాస్త సర్వీస్ తోడై ఉంటే గ్రాండ్‌స్లామ్ సెమీస్ ఆడేవాడని ఇప్పటికీ నా నమ్మకం.

1987లో దేశాల జట్లు ఆడే డేవిస్ కప్ సెమీఫైనల్, ఆస్ట్రేలియా మీద, సిడ్నీ గడ్డి కోర్టు. స్కోరు 2-2గా ఉన్నప్పుడు చివరి మ్యాచ్‌లో వాలీ మజూర్‌ని రమేష్ ఓడించాడు. నాకప్పుడు 12 ఏళ్లు. క్లబ్బులో ఒక మెంబరు గారు ఇంగ్లిష్ పేపర్ చదివి వినిపిస్తుంటే, నెట్ బిగించే హ్యాండిల్ పట్టుకుని నాన్న అలాగే నిలబడిపోయాడు. కళ్లు చెమర్చాయి. 1966లో తండ్రి టీమ్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది, 1987 ఫైనల్లో కొడుకు టీమ్ స్వీడన్ చేతిలో ఓడింది.

ఇక నా సంగతి. అండర్-16లో ఒక మ్యాచ్‌లో మొదటి సెట్ గెలిచి ఓడిపోయాను. అవతలి అబ్బాయికి అసలు పరుగే పెట్టాల్సిన పని పడలేదు. ఎందుకో తర్వాత అర్థమైంది. మార్కర్ పనే మెంబర్లకు అందేలా బంతి కొట్టడం. 20 ఏళ్లు నాన్న చేసింది అదే, నా చేతికి వచ్చిందీ అదే. నా బంతులు వెళ్లి సరిగ్గా ఎదుటివాడి రాకెట్ మీద పడేవి. ఇది చెబితే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున అవతలి కోర్టులో మూలల దగ్గర రెండు ఖాళీ డబ్బాలు పెట్టి, వాటిని కొట్టమన్నాడు. అలవాటు చాలావరకు మారింది కానీ ఆలస్యమైంది. ఊళ్లు తిరగడానికీ గట్టింగ్‌కీ (రాకెట్‌కి తీగలు బిగించడానికి) డబ్బు చాలక 18కే ఆపేశాను. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను.

కాబట్టి పాపకు బంతులు మీరే వేయండి, ఆ అరగంట ఎవరికీ వదలొద్దు. అంతకన్నా ముందు మీ ఇద్దరిలో ఎవరికి ఏ షాట్ సరిగ్గా రాదో దాచుకోకుండా ఒక కాగితం మీద రాయండి. బయటి కోచ్ దగ్గర చేర్పించేటప్పుడు ఆ కాగితం ఆయన చేతికివ్వండి.