అమెరికాలో నేటివ్ అమెరికన్లు నిజంగా ఎలా బతుకుతారు? మీకు దగ్గరగా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఒకాయన తెలుసు. డెట్రాయిట్ శివారులో మా పక్కింటాయన. చిప్పెవా తెగ మనిషి, కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చిన సైనికుడు, వృత్తికి తాపీ మేస్త్రీ, ఐదుగురు పిల్లల తండ్రి. ఇప్పుడు లేరు. పేరు రాయను, పెద్దాయన అంటాను. 'వాళ్ళందరూ రిజర్వేషన్లలో (తెగలకి కేటాయించిన భూముల్లో) ఉంటారు, క్యాసినో డబ్బులొస్తాయి, చదువు ఫ్రీ' అని మనవాళ్ళ పార్టీల్లో తరచూ వింటుంటాను. పెద్దాయన జీవితం ముందు ఈ మూడు ముక్కల్లో ఏదీ సరిగ్గా నిలవదు.

పరిచయం గోడ దగ్గరే మొదలైంది. మేం ఇల్లు కొన్న కొత్తలో ఒక హ్యాండీమ్యాన్ బయటి ఇటుక గోడ అడుగు వరసలో అక్కడక్కడా ఉన్న సన్నటి సందుల్ని, చీమలు దూరకుండా అని, సిమెంటుతో పూడ్చేసి వెళ్ళాడు. సాయంత్రం పెద్దాయన ఉలీ సుత్తీ పట్టుకొచ్చి, ఎవరూ అడక్కుండానే, అన్నీ మళ్ళీ తెరిచారు. ఇక్కడి ఇళ్ళలో బరువు మోసేది లోపలి చెక్క ఫ్రేము. బయట కనిపించే ఇటుక ఒట్టి తొడుగు, రెంటికీ మధ్య గాలి ఆడే ఖాళీ. ఇటుకలోంచి దిగిన వాన నీళ్ళు ఆ సందుల్లోంచే బయటికి పోవాలి, మూస్తే లోపల చెక్క కుళ్ళుతుంది. మా మేనమామ తెనాలిలో తాపీ మేస్త్రీ. దారం, మట్టం, తూకం గుండు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి మాట తొందరగానే కలిసింది.

ఆయన 1931లో మిషిగన్ ఉత్తరపు కొసన, సూ సెంట్ మరీ (క్లుప్తంగా సూ) ఊరి పక్కనున్న షుగర్ ఐలాండ్‌లో పుట్టారు. నది దాటితే కెనడా. అక్కడ నీళ్ళు రాళ్ళ మీద ఉరకలెత్తే చోట చేపలు పట్టి బతికిన జనం వాళ్ళు. ఆ చేపల హక్కు శాశ్వతంగా మీదేనని 1820 ఒప్పందంలో రాసిచ్చారు. 1855లో ఓడల కోసం అక్కడ లాకులు తెరిచారు, అదే ఏడాది ఇంకో ఒప్పందం రాయించుకుని ఆ హక్కు తీసేశారు. చిప్పెవా అన్నా ఒజిబ్వే అన్నా ఒకరే, తమను తాము మాత్రం అనిషినాబే అనుకుంటారు.

పెద్దాయన తండ్రిని చిన్నప్పుడు మౌంట్ ప్లెజెంట్‌లో ప్రభుత్వం నడిపిన ఇండియన్ (నేటివ్ అమెరికన్లని అప్పుడు అలాగే అనేవాళ్ళు) బోర్డింగ్ స్కూల్‌కి తీసుకెళ్ళారు. 1893 నుంచి 1934 దాకా నడిచిన బడి. జుట్టు కత్తిరించేవాళ్ళు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్ళు, సగం పూట చదువైతే సగం పూట చాకిరీ. అక్కణ్ణుంచి వచ్చిన మనిషి తన పిల్లలతో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. ఒజిబ్వే అంటే అమ్మానాన్నా తలుపేసుకుని మాట్లాడుకునే భాష, పెద్దాయనకి తెలిసింది అంతే. ఈ బడిని గుర్తుపెట్టుకోండి, దీంతో ఇంకా పనుంది.

1951లో డ్రాఫ్ట్, అంటే సైన్యంలో చేరి తీరాలన్న పిలుపు, వచ్చింది, కొరియా వెళ్ళారు. యుద్ధం గురించి దాదాపు ఏమీ చెప్పేవారు కాదు. చలి గురించి మాత్రం చెప్పేవారు. సూ ఊళ్ళో ఏటా పది అడుగుల దాకా మంచు పడుతుంది, కాబట్టి జార్జియా, టెక్సస్ కుర్రాళ్ళకి తడి మేజోళ్ళు ఒంటికి ఆనించి ఎలా ఆరబెట్టాలో నేర్పింది ఈయనేనట. ప్లటూన్‌లో అందరూ 'చీఫ్' అని పిలిచేవాళ్ళు. దాదాపు ప్రతి నేటివ్ సైనికుడికీ ఆ పేరే పెట్టేవాళ్ళు, ప్రేమగానో వెక్కిరింతగానో అన్నది పిలిచే మనిషిని బట్టి. 1953లో యూనిఫాంలో తిరిగొస్తే ఒక బార్‌లో బీరు పోయలేదు. ఇండియన్లకి మద్యం అమ్మడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, ఆ నిషేధం ఎత్తేసింది ఆ ఏడాది ఆగస్టులో. ఆయన వచ్చింది అంతకు ముందు. ఇది చెప్పినప్పుడల్లా నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఇంత చేసిన దేశం కోసం యుద్ధానికి ఎందుకు వెళ్ళారని ఒకసారి అడిగాను. సూటిగా జవాబు చెప్పకుండా కంపెనీ కె అనే సైనిక దళం గురించి చెప్పారు. అంతర్యుద్ధం మొదలైన 1861లో ఇండియన్లు సైన్యంలో చేరతామంటే మిషిగన్ వద్దంది. 1863లో మనుషులు సరిపోక తనే పిలిచింది. ఒజిబ్వే, ఒడావా, పొటావటమీ మనుషులతో ఒక షార్ప్‌షూటర్ల కంపెనీ తయారైంది, 1864 జూలైలో పీటర్స్‌బర్గ్ గోతి యుద్ధంలో వాళ్ళు చాలామందిని పోగొట్టుకున్నారు. అప్పటికి వాళ్ళలో ఎక్కువమందికి పౌరసత్వమే లేదు. ఇండియన్లందరికీ అది వచ్చింది 1924లో. అయినా మొదటి ప్రపంచ యుద్ధానికి సుమారు 12,000 మంది, రెండో దానికి 44,000 మంది వెళ్ళారు. నేను అడిగిన 'ఎందుకు' ఆయనకి అసలు ప్రశ్నలాగే అనిపించలేదని ఇప్పుడనుకుంటాను. తన మనుషులకి కాపలా కాయడం మగవాడి పని, జెండా ఎవరిదన్నది ఆ తర్వాతి సంగతి.

కొరియా సైనికుల కోసం 1952లో వచ్చిన చట్టంతో పని నేర్చుకునే రోజుల్లో కూడా కొంత డబ్బు వచ్చేది. దాంతో డెట్రాయిట్‌లో తాపీ పనికి అప్రెంటిస్‌గా చేరి, యూనియన్ కార్డు తెచ్చుకున్నారు. ఈ పని గురించి గంటలు మాట్లాడేవారు. మన దగ్గర గోడకి ప్లాస్టరింగ్ వేస్తాం కాబట్టి లోపల ఇటుక కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ కనిపించదు. అక్కడ ఇటుక బయటికే ఉంటుంది, ప్రతి సందూ కనిపిస్తుంది. ముందు మూలలు కట్టి, వాటి మధ్య దారం లాగి, ఇటుక దారానికి తగలకుండా వెంట్రుక వాసి దూరంలో పెట్టాలి. ఒక్క ఇటుక దారాన్ని తోసినా ఆ వరసంతా వంకర పోతుంది. సందుల్లోని మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, బొటనవేలితో నొక్కితే గుర్తు పడేంత గట్టిపడ్డాకే దాన్ని గీయాలి. ముందు గీస్తే చెదురుతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. సీజన్లో రోజుకి ఐదారు వందల ఇటుకలు పేర్చేవాణ్ణనేవారు. సున్నం తగిలి తగిలి అరచేతులు చెక్కల్లా తయారయ్యాయి.

మిషిగన్ చలికాలంలో మాలు గడ్డకడుతుంది. నీళ్ళూ ఇసుకా వేడి చేసుకుని, టార్పాలిన్ కట్టి పని చేయొచ్చు కానీ కాంట్రాక్టర్లు ఎక్కువగా ఆపేసేవాళ్ళు. అప్పుడు ఆయన ఉక్కు కొలిముల లోపల వేడికి తట్టుకునే ఇటుక, ఫైర్ బ్రిక్, మార్చే పనికి వెళ్ళేవారు. బయట మంచు, లోపల ఇంకా పూర్తిగా చల్లారని కొలిమి. ఆ రోజుల్లో మాస్కుల్లేవు. చివర్లో ఊపిరితిత్తుల బాధకి కారణం ఆ దుమ్మేనని ఇంట్లోవాళ్ళ నమ్మకం.

భార్య డెట్రాయిట్ పక్కనే ఉన్న హామ్‌ట్రామెక్‌లో పెరిగిన పోలిష్ ఆవిడ. రెండు వైపులా పెద్దవాళ్ళు మొదట ఒప్పుకోలేదట, ఆ కథ మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. సెలవులకి పిల్లల్ని కారులో కుక్కుకుని ఐదు వందల కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి, సొంతూరికి. 1957 నవంబరులో, దారిలో నీళ్ళ మీద మాకినా బ్రిడ్జి తెరిచేదాకా ఫెర్రీ కోసం గంటల తరబడి క్యూ. ఊరు వదిలి బతికారు కానీ ఊరితో తెగలేదు.

ఇక 'చదువు ఫ్రీ' సంగతి. నాకు ఈ మొత్తం కథలో బాగా పట్టుకున్నది ఇదే. సూ చుట్టుపక్కల వాళ్ళని ఫెడరల్ ప్రభుత్వం ఒక తెగగా 1972 దాకా గుర్తించలేదు. అంటే ఆయన కొరియాలో ఉన్నప్పుడు వాషింగ్టన్ లెక్కల్లో ఆయన తెగ లేనే లేదు. 1976లో మిషిగన్ ఒక చట్టం చేసింది: కనీసం పావు వంతు ఇండియన్ రక్తం ఉన్న రాష్ట్రవాసులకు ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఇది దానం కాదు. 1934లో ఆ మౌంట్ ప్లెజెంట్ బడి మూతపడ్డప్పుడు దాని భూమినీ భవనాల్నీ రాష్ట్రం తీసుకుంది, బదులుగా ఇండియన్ పిల్లల్ని తన విద్యాసంస్థల్లో ఉచితంగా చదివిస్తానని ఒప్పుకుంది. ఆ మాట చట్టం కావడానికి నలభై ఏళ్ళకు పైనే పట్టింది. తండ్రి భాష పోగొట్టుకున్న బడి ఖాతాలోంచి పెద్దాయన చివరి ముగ్గురు పిల్లలు కాలేజీ చదివారు. పెద్ద ఇద్దరికీ అందలేదు, వాళ్ళ ఫీజులు ఇటుకలే కట్టాయి. మనవలకి రక్తం పావు వంతు కంటే తక్కువైంది కాబట్టి వాళ్ళకీ లేదు. క్యాసినో నుంచి నెలనెలా డబ్బు వచ్చిపడటం నేను చూడలేదు. ఆయన ఇల్లు నడిచింది యూనియన్ పెన్షన్, సోషల్ సెక్యూరిటీ మీద.

మా అమ్మ వచ్చినప్పుడు ఆయన్ని అన్నయ్యగారు అనేది. వాళ్ళ చెరువుల్లో పండే మనూమిన్, అంటే వైల్డ్ రైస్, ఒక సంచి ఇస్తే దాంతో పులిహోర చేసింది. ఆయన మొహమాటానికి తిన్నారో ఇష్టంగా తిన్నారో కానీ డబ్బా కడిగి, మళ్ళీ మనూమిన్ నింపి పంపారు.

పోయినప్పుడు తెగ పద్ధతిలో నాలుగు రోజులు నిప్పు ఆరనివ్వలేదు, కొడుకులూ అల్లుళ్ళూ వంతులేసుకుని కూర్చున్నారు. తర్వాత సైనిక వందనం, మూడు రౌండ్ల తుపాకులు, మడిచిన జెండా భార్య చేతికి. చర్చిలో ప్రార్థన కూడా జరిగింది. మనవరాలు ఒకమ్మాయి కాలేజీలో ఒజిబ్వే నేర్చుకుంటోంది, ఆ నిప్పు దగ్గర నాలుగు మాటలు మాట్లాడింది. తాతకి అందని ఒజిబ్వే ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పిల్లకే వచ్చు.

ప్రశ్న అడిగినవారు అమెరికాలో ఉంటే, దగ్గర్లో తెగలవాళ్ళు పాటలూ నాట్యాలతో జరుపుకునే ఉత్సవం, పావ్‌వావ్‌కి వెళ్ళండి. చాలావరకు అందరినీ రానిస్తారు. సూ ఊరి చిప్పెవా తెగది జూలైలో జరుగుతుంది, నేను పెద్దాయనతోనే చూశాను. మొదట జరిగే ఊరేగింపు గ్రాండ్ ఎంట్రీలో ముందు గద్ద ఈకల కర్రలు, జెండాలు పట్టుకుని మాజీ సైనికులు వస్తారు. అందరూ లేచి నిలబడాలి, టోపీ తీయాలి. నాట్యంలో గద్ద ఈక కింద పడితే అంతా ఆగిపోతుంది, మాజీ సైనికులే దాన్ని లేపాలి, అప్పుడు ఫోటోలు తీయకూడదు. మామూలప్పుడు కూడా అడిగి తీయండి. మనూమిన్ కొనేటట్టయితే చెరువులో పడవల మీద కోసినదేనా అని అడగండి. అది అరగంటలో ఉడుకుతుంది, సూపర్ మార్కెట్లో దొరికే నల్లటి సాగు రకానికి గంట పడుతుంది.