గర్భసంచి గడ్డకు కోత లేని చికిత్స చేయించవచ్చా?

అమ్మగారికి 46 ఏళ్లు, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని కండర గడ్డ) ఉంది, కోత లేకుండా అల్ట్రాసౌండ్ వేడితో కాల్చే చికిత్స చేయించవచ్చా అని అడిగారు కదా. ఆ వయసుకు చేయించవచ్చు, కానీ ఎమ్మారై తీయకుండా చేస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి.

మాది దేవరకొండ వైపు. మా వదినకు నెలసరి మొదలైతే ఆగేది కాదు, రక్తం ఏడుకు పడిపోయి ఒకరోజు పత్తి ఏరుతూ చేలోనే కూలబడింది. దగ్గర్లోని ఆస్పత్రిలో స్కానింగ్ రిపోర్టు చూసీ చూడగానే సంచి తీసేద్దాం, పనిలో పనిగా అండాశయాలు కూడా అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడ కౌన్సెలర్ కోత లేదు, కుట్లు లేవు, రేపే ఇంటికి అని గడగడా చెప్పేసింది. వదిన అంతా విని, "మరి కొయ్యకపోతే ఆ గడ్డ ఎటు పోతది మేడం?" అని అడిగింది. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియలేదు. చివరికి డాక్టరు గారే వచ్చి కూర్చుని, "ఎటూ పోదమ్మా, వేడికి లోపలే చచ్చి నెలల తరబడి చిన్నదవుతుంది, పూర్తిగా పోకపోవచ్చు" అని చెప్పారు. ఎమ్మారైలో చూస్తే వదినది సంచికి కాడతో వేలాడే గడ్డ, దానికి ఈ పద్ధతి పనికిరాదని ఆయనే అన్నారు. లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో, గడ్డ ఒక్కటే తీయించుకుంది, సంచీ అండాశయాలూ అలాగే ఉన్నాయి.

తీసిన గడ్డను ల్యాబ్‌కు పంపారు. కాల్చేస్తే పంపడానికి ముక్కే ఉండదు, నా దృష్టిలో అసలు రిస్క్ ఇదే. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసే 350 మందిలో ఒకరికి దాగి ఉన్న సార్కోమా క్యాన్సర్ ఉండొచ్చని అమెరికాలో మందులకూ వైద్య యంత్రాలకూ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అంచనా వేసింది. చర్మం కాలడం, కాలిలోకి దిగే నరానికి నొప్పి రావడం కూడా జరుగుతాయి. అయినా ఎమ్మారై చూస్తూ చేసే ఈ యంత్రానికి 2004లోనే అక్కడ అనుమతి వచ్చింది, నిన్నమొన్నటి ప్రయోగం కాదు. గడ్డ మళ్లీ ఇబ్బంది పెట్టే అవకాశం ఆపరేషన్ కంటే ఎక్కువే, కానీ ముట్లు ఆగాక ఫైబ్రాయిడ్లు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి అమ్మగారు నెట్టుకు రావాల్సింది కొన్నేళ్లే. పిల్లలు కావాలనుకునే పాతికేళ్ల అమ్మాయైతే నేను ఇలా చెప్పను.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన తెలంగాణ ముందు వరసలో ఉంది. ముప్పై ఐదేళ్లకే సంచీ అండాశయాలూ పోగొట్టుకుని ఎముకల నొప్పులతో కూలికి పోయే ఆడవాళ్లు మా ఊళ్లో వాడకొకరు ఉన్నారు, అదేమంటే పిల్లలు పుట్టాక దాంతో పనేముంది అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

అమ్మగారి హిమోగ్లోబిన్ ఎంత ఉందో, గడ్డలు ఎన్ని ఉన్నాయో మీరు రాయలేదు. బ్లీడింగ్, నొప్పి ఏమీ లేక స్కానింగ్‌లో ఊరికే కనిపించిన గడ్డైతే, కాల్చడం ఎందుకు, కోయడం ఎందుకు? ఆరు నెలలాగి ఇంకోసారి స్కాన్ తీయిస్తే చాలేమో అని ముందు డాక్టర్ని అడగండి.