మిద్దె మీది పాత జిగురు గురించి మేనల్లుడికి

చెన్నై

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

వేళచ్చేరి ఇంటి మిద్దె మీద పరిచిన ప్లాస్టిక్ పచ్చికను పీకించాక, గచ్చుకు అంటుకుని మిగిలిన జిగురును యాసిడ్ పోసి వదిలిద్దామని మేస్త్రీ అన్నట్లు రాశావు. ఆ పనికి మాత్రం ఒప్పుకోవద్దు. యాసిడ్ సిమెంటును తింటుంది గాని రబ్బరు జిగురును ఏమీ చేయలేదు. జిగురు ఉన్నచోటే ఉంటుంది, చుట్టూ గచ్చు గరుకుబారి ఇసుక రాలుతుంది.

ముందుగా అది ఏ రకమో తేల్చుకో. అరచేయంత మేర మరిగిన నీళ్లు పోసి, తడిగుడ్డ కప్పి, కాసేపాగి గోటితో గీరి చూడు. తెల్లబారి మెత్తబడితే నీటి రకం కనుక వేడినీళ్లూ పుట్టీ బ్లేడూ చాలు. పసుపుపచ్చగా ఉండి, నీటికి లొంగకపోతే రబ్బరు రకం.

రబ్బరు జిగురును గీకడానికి వేళ ముఖ్యం. మన ఎండ ముదిరితే అది మెత్తబడి బ్లేడుకు చుట్టుకుని పక్కలకు పూసుకుపోతుంది. తెల్లవారుజామున గచ్చు చల్లగా ఉన్నప్పుడు బిగిసి ఉంటుంది కనుక, బ్లేడును దాదాపు నేలకు ఆనేంతగా వాల్చి నెడితే పెచ్చులుగా లేస్తుంది. జిగురు వదిలించే డబ్బాల మందులు అమ్మేవారు ఏమన్నా సరే, పనిలో ఎక్కువ భాగం ఇలాగే తీరుతుంది.

మిగిలిన పలుచటి పొరకే థిన్నర్ వాడు. నేరుగా పోస్తే కరిగిన జిగురు గచ్చు రంధ్రాల్లోకి ఇంకుతుంది. రంపపు పొట్టును థిన్నరుతో తడిపి పరిచి, ఆరిపోకుండా పాలిథిన్ పట్టా కప్పి, అరగంట తరువాత పొట్టుతో సహా గీకి ఎత్తేయించు. దగ్గర్లో నిప్పు గాని, తిరిగే మోటారు గాని ఉండరాదు. తమిళనాట 2003 నుంచి వాననీటి సేకరణ తప్పనిసరి కనుక మీ మిద్దె గొట్టం కూడా ఇంకుడు గుంతలోకో బావిలోకో దిగుతూ ఉంటుంది. పని మొదలుపెట్టక ముందే దాని మూతికి గుడ్డ కుక్కించు. ఆ పొట్టును నీళ్లతో కడగవద్దు.

గచ్చును అరగదీసే గ్రైండరు ఆఖరి మార్గం. జిగురు మందంగా ఉండగానే పెడితే రాపిడి వేడికి కరిగి చక్రాన్ని మూసేస్తుంది. కాంక్రీటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు హాని కనుక, పనివాడికి ఎన్95 మాస్కు నువ్వే కొనివ్వు, అతను అడగడు.

చివరగా అక్కడక్కడా నీటిచుక్కలు వేసి చూడు. గచ్చు పీల్చుకుంటే వాటర్‌ప్రూఫ్ పూత పడుతుంది. చుక్క నిలిచిన చోట జిగురింకా ఉన్నట్లే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు పట్టుకుంటాయి కనుక, పూత ఆలోపే వేయించు.

ఇట్లు,
మామయ్య