బాపు ఏ యుద్ధం చేసిండని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది హన్మకొండ దగ్గర పల్లె. మా బాపు 1976లో ఆర్టిలరీలో చేరి 2000లో హవల్దార్‌గా రిటైరయ్యారు. పోయిన ఏడాది గుండెపోటుతో చనిపోయారు. వచ్చే నెలలో సంవత్సరీకం. ఆ రోజు ఊళ్లో సంస్మరణ సభ పెడుతున్నాం. బ్యానర్ మీద 'కార్గిల్ యోధుడు' అని వేయిస్తానంటున్నాడు మా అన్న. బాపు కార్గిల్ వెళ్లలేదు. అప్పుడు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చేవారు. శ్రీలంకకు మాత్రం వెళ్లారు. 'శ్రీలంక సంగతి ఎవరికి ఎరుక?' అంటాడు అన్న. ఈ గొడవతో ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. అమ్మ ఏమీ అనదు. బాపు నల్ల ట్రంకు పెట్టె పక్కనే కూర్చుంటుంది, సరిగ్గా తినదు. సభలో నన్ను మాట్లాడమంటున్నారు. 1987 నవంబరులో నేను పుట్టేనాటికి బాపు శ్రీలంకలో ఉన్నారట. నాకు తెలిసిన బాపు రోజూ రాత్రి మా స్కూలు బూట్లు పాలిష్ చేసి వరసగా పెట్టే మనిషి. ఆ మాట సభలో చెబితే నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి

జవాబు: ముందు బ్యానర్ సంగతి తేల్చేద్దాం. కార్గిల్ అని వేయించొద్దు. ఆ సభకు బాపుతో పనిచేసిన మాజీ సైనికులు వస్తారు. ఎవరు ఏ ఏడాది ఎక్కడున్నారో వాళ్లకు బాగా గుర్తుంటుంది. బ్యానర్ చూసి పైకి ఏమీ అనరు, తల దించుకుని భోంచేసి వెళ్లిపోతారు. అన్నేళ్లు నిజాయతీగా కొలువు చేసిన మనిషికి చనిపోయాక ఆ తలవంపు తేవడం ఎందుకు?

అలాగని అన్న మీద కోపం పెట్టుకోకండి. 'మీ బాపు మిలిటరీయా, ఏ యుద్ధం చేసిండు?' అని అడిగినవాళ్లకు ఏం చెప్పాలో చిన్నప్పటి నుంచీ ఆయనకు తెలిసి ఉండదు. 1971 యుద్ధం గురించి అందరూ విన్నారు, కార్గిల్‌ని టీవీలో చూశారు. శ్రీలంక మాట ఎత్తేవాళ్లే లేరు. తండ్రికి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నది ఆయన బాధ. అది న్యాయమైన బాధే. అది తీరాలంటే శ్రీలంక గురించి నలుగురికీ చెప్పాలి.

చెప్పడానికి చాలా ఉంది. 1987 జులై 29న భారత్, శ్రీలంక ఒప్పందం చేసుకున్నాక మన శాంతిసేన అక్కడ అడుగుపెట్టింది. ఆయుధాలు అప్పగిస్తారనుకున్న తమిళ పులులతోనే (ఎల్టీటీఈ) ఆ అక్టోబరు నుంచి పోరాడాల్సి వచ్చింది. 1990 మార్చిలో చివరి దళం వెనక్కి వచ్చేసరికి మనవాళ్లు పదకొండు వందల మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ దళం మద్రాసులో దిగితే స్వాగతం పలకడానికి నాటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఆ అమరుల పేర్లు కూడా చెక్కారు. సభలో ఈ నాలుగు ముక్కలూ అన్ననే చెప్పమనండి. బ్యానర్ మీద బాపు పేరు, 'హవల్దార్, ఆర్టిలరీ, 1976–2000', దాని కింద 'శ్రీలంక శాంతిసేన సైనికుడు' అని వేయిస్తే చాలు. కార్గిల్ మాట కూడా రావాలని అన్న పట్టుబడితే, ఆ రోజుల్లో బాపు గోల్కొండలో కొత్త గన్నర్లను తయారు చేశారని ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు.

ఇక అమ్మ. జాఫ్నాలో పోరు సాగుతున్న ఆ రోజుల్లో ఆమె మిమ్మల్ని మోస్తున్న నిండు చూలాలు. ఆ కాలపు పల్లెలో సైనికుడి భార్యకు దిక్కు రేడియో వార్తలు, సైనిక తపాలా (ఏపీవో) అడ్రసుకు రాసే ఉత్తరాలు. బిడ్డ పుట్టిందన్న కబురు బాపుకు ఎన్నాళ్లకు చేరింది? మిమ్మల్ని ఆయన మొదటిసారి ఎత్తుకునేటప్పటికి మీకు ఎన్ని నెలలు? కొత్త మనిషనుకుని ఏడ్చారా? ఇవన్నీ అమ్మకే తెలుసు. బాపు గురించి నాకేమీ తెలియదని దిగులు పడుతున్నారు గానీ, తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉంది, అడిగేవాళ్లే లేరు.

ఊరికే 'చెప్పమ్మా' అంటే ఆమె నోట మాట రాకపోవచ్చు. సభ కోసం డిశ్చార్జి బుక్ కావాలని, పెట్టె తీయమని అడగండి. నిజంగానే అది కావాలి, ఆయన సర్వీసు, మెడల్స్ వివరాలు అందులో ఉంటాయి. దానితోపాటు పాత ఫొటోలూ ఉత్తరాలూ బయటికి వస్తాయి, ఒక్కోదాన్ని పట్టుకుని ఆమె మాట్లాడుతుంది. తొందర పెట్టకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

బూట్ల సంగతి తప్పకుండా చెప్పండి. ఎవరూ నవ్వరు. ఏటా రెండు నెలల సెలవుకు వచ్చిపోయే మనిషి, మీకు పన్నెండేళ్లు వచ్చాక ఇంటికి చేరారు. అప్పటికి పిల్లలకు ఆయన కొత్త, ఆయనకు పిల్లలు కొత్త. ప్రేమను మాటల్లో ఎలా చెప్పాలో తెలియక, ఇరవై నాలుగేళ్లుగా చేతికి అలవాటైన పనితో మొదలుపెట్టారని నాకు అనిపిస్తోంది. ఆయన ఎక్కడ కూర్చునేవారు, ఎవరి జత ముందు తీసేవారు, మీరు నిద్రపోయాక చేసేవారా, మీతో మాట్లాడుతూ చేసేవారా, అన్నీ చెప్పండి. 'ప్రేమమూర్తి', 'త్యాగధనుడు' లాంటి మాటల జోలికి పోవద్దు.

అమ్మ పేరు మీద కుటుంబ పెన్షన్ మారిందో లేదో మీరు రాయలేదు. పెన్షన్ ఆర్డరులో (పీపీవో) ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోతే సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో పని ఆగుతుంది. అలాంటిదేమైనా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. మాజీ సైనికుల ఆరోగ్య పథకం (ఈసీహెచ్‌ఎస్) వైద్యం, క్యాంటీన్ కార్డు ఆమెకూ వర్తిస్తాయి. ఏడాది కావస్తున్నా తిండి, నిద్ర దారికి రాలేదంటే మాత్రం ఇక ఆగొద్దు, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

అన్నకు మీరే ముందు ఫోన్ చేయండి. బ్యానర్ ఊసెత్తకుండా, అమ్మ పెట్టె తీస్తోంది, ఆదివారం రమ్మని చెప్పండి.