బోర్డు మీద తేదీ రాయకు

చింతాద్రిపేట, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఐసు బండి వచ్చి గుమ్మంలో నిలబడింది. సరిగ్గా మాట్లాడలేకపోయాను. "మామయ్యా, శ్రావణం మొదటి ఆదివారం పులస పులుసు అని మెస్ ముందు బోర్డు పెట్టేయనా? బెంగళూరులో మనవాళ్లు ఇప్పట్నుంచే అడుగుతున్నారు" అన్నావు. బోర్డు పెట్టుకో. తేదీ మాత్రం రాయకు. పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎప్పుడు ఎక్కుతుందో అంచనా కట్టే పద్ధతి నీకు ఎప్పుడో చెప్పాల్సింది. యానాం నుంచి చేప తెప్పించి ఇక్కడ అమ్ముతూ ముప్ఫై ఏళ్లు గడిపాను కాబట్టి, నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఆ శ్రావణం సంగతి. తిథుల లెక్క నమ్ముకుంటే మోసపోతావు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. నిజ శ్రావణం మొదలయ్యేసరికి ఆగస్టు సగం దాటిపోయింది. చేపకి అధికమాసం ఏం తెలుస్తుంది? మీ తాతయ్య నెల చెప్పేవాడు కాదు, కార్తె చెప్పేవాడు. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకి వస్తాయి. పునర్వసు జూలై 6 ప్రాంతంలో, పుష్యమి 20 ప్రాంతంలో, ఆశ్లేష ఆగస్టు 3 ప్రాంతంలో. ఈ మూడు కార్తెల్లో ఎప్పుడో ఒకప్పుడు మొదలవుతుందని అనుకుని కూర్చో. క్యాలెండరు చెప్పగలిగింది అంతవరకే. మిగతాది నీళ్లు చెప్పాలి.

ఆ నీళ్లు ఎక్కడివో తెలియక చాలామంది తప్పు చేస్తారు. కోనసీమలో నాలుగు రోజులు ముసురు పట్టగానే "ఇంకేం, పులస వచ్చేస్తుంది" అంటారు. అక్కడి వానతో పని లేదు. టీవీలో నాసిక్‌లో గోదావరి పొంగుతోందని చూపిస్తే నువ్వు హడావిడి పడి ఫోన్ చేశావు చూడు, దాంతోనూ పెద్దగా పని లేదు. నాసిక్ నీళ్లు పైఠాన్ దగ్గర జాయక్వాడిలో ఆగుతాయి, అది నిండి వదిలితే మళ్లీ పోచంపాడులో ఆగుతాయి. మన ధవళేశ్వరానికి వరదమట్టి కలిసిన ఎర్రనీరు తెచ్చేవి ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. అంటే విదర్భలో, బస్తర్‌లో వాన పడాలి. వార్ధా, వైన్‌గంగ పొంగితే ఆ నీళ్లు ప్రాణహితలో కలిసి కాళేశ్వరం దగ్గర గోదావరిలోకి వస్తాయి. వాతావరణం వార్తల్లో నాగపూర్, చంద్రపూర్, జగదల్‌పూర్ పేర్లు వినిపించినప్పుడు చెవి పెట్టి విను.

తర్వాత భద్రాచలం నీటిమట్టం చూడు. వరద రోజుల్లో పేపర్లో వేస్తారు, ఫోన్లోనూ దొరుకుతుంది. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మనకి అంత వరద అక్కర్లేదు. హెచ్చరికకి ఎంతో కిందే, రోజుకి కొంచెం కొంచెం చొప్పున నాలుగైదు రోజులు వరసగా ఎక్కుతోందంటే చాలు. అక్కడ ఎక్కిన నీరు ఇంచుమించు ఒక రోజులో ధవళేశ్వరం చేరుతుంది.

అసలు కీలకం ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు. ఎండాకాలమంతా వచ్చిన నీళ్లు వచ్చినట్టే కాలువలకి పోతాయి. బ్యారేజీ కింద గౌతమి, వసిష్ఠ పాయల్లోకి సముద్రపు ఉప్పునీరు పోటుతో పాటు లోపలికంటా ఎక్కి కూర్చుంటుంది. ఆ నీటికి చేప రాదు. బ్యారేజీకి ఉన్న 175 గేట్లలో కొన్నయినా ఎత్తి, మిగులు నీరు సముద్రంలోకి వదలడం మొదలైతేనే ఉప్పు వెనక్కి తగ్గుతుంది. ఇలస సముద్రంలో ఉండి ఆ తీపి నీటి జాడ పట్టుకుంటుంది, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. ఎదురెక్కి తీపి నీళ్లలో ఈదాకే దాన్ని పులస అంటాం. ఒక రోజు గేట్లెత్తి మర్నాడు దించేస్తే లెక్కలోకి తీసుకోకు. నా పుస్తకంలో రాసుకున్నదాన్ని బట్టి, వదలడం మొదలై వారం పది రోజులు ఆగకుండా సాగితేనే నమ్మొచ్చు.

యానాంలో నాకు చేప పంపే ముసలాయన దగ్గర ఒక అలవాటు చూశాను. పొద్దున్నే రేవులోకి దిగి గాజుగ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి అరుగు మీద పెడతాడు. కాఫీ తాగేలోపు అడుగున ఎర్రమట్టి గోరంత మందాన పేరుకోవాలి. పైన తేరిన నీళ్లు కొంచెం నోట్లో పోసుకుని పుక్కిలిస్తాడు. ఉప్పు తగిలితే ఆ రోజు వల బయటికి తియ్యడు. మట్టి పేరుకుని, ఉప్పు తగలకపోతే కొడుకుని లేపుతాడు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నాతో అబద్ధం ఆడని గ్లాసు అది.

ఇంకో రెండు గుర్తులు ఉన్నాయి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది అయిపోయాక సముద్రంలోకి వెళ్లిన బోట్లకి నదీముఖాల దగ్గర ఇలస పడుతోందా అని వాకబు చెయ్యి. పడుతోందంటే చేప గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డట్టు. రెండోది అమావాస్య, పౌర్ణమి. ఆ రోజుల్లో పోటు పెద్దది, చేప కదలిక ఎక్కువ. బంగ్లాదేశ్‌లో ఇలస గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపడానికి ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ ఉన్న 22 రోజులు ఎంచుకున్నారు, చంద్రుడి లెక్క అంత గట్టిది. గేట్లెత్తి వారం దాటాక వచ్చే మొదటి అమావాస్యో పౌర్ణమో చూసుకో. నేను ఆ రోజుకి అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు కలిపి గీత గీస్తాను.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్తాను, జాగ్రత్తగా చదువు. చేప ఎక్కిన రోజు వేరు, వలలో పడిన రోజు వేరు. నేను 2022లో దెబ్బతిన్నది ఇక్కడే. ఆ జూలైలో గుర్తులన్నీ ముందే కనిపించాయి. ఎర్రనీరు వచ్చేసింది, గేట్లెత్తేశారు, పౌర్ణమి దగ్గర్లోనే ఉంది. ఇక్కడ చెన్నైలో రెండు హోటళ్ల దగ్గర అడ్వాన్సు తీసేసుకున్నాను. తీరా చూస్తే భద్రాచలంలో నీరు 71 అడుగులు దాటింది. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక. ఏటి మధ్య లంకల్లో మనుషులు ఇళ్లు వదిలి గట్ల మీదికి వచ్చి కూర్చుంటే, వల వేసేవాడెవడు? నా మనుషుల పడవలు చెట్లకి కట్టేసి ఉన్నాయి. ముసలాయనకి ఫోన్ చేసి చేప గురించి అడగడానికి నోరు రాక, బియ్యం ఉన్నాయా అని అడిగి పెట్టేశాను. అడ్వాన్సులు తిరిగిచ్చేశాను. డబ్బు పోయినందుకు కాదు, మాట పోయినందుకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అందుకని ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక, అంటే 11.75 అడుగులు, పది లక్షల క్యూసెక్కులు దాటిందంటే నీ లెక్క ఆపేయ్. వరద తగ్గుముఖం పట్టి, పడవలు మళ్లీ దిగాక కొత్తగా లెక్క మొదలుపెట్టు. ఎర్రనీరు ఉండాలి, ఏరు మాత్రం మనిషికి లొంగేటట్టు ఉండాలి. పులస దండిగా పడేది ఆ రోజుల్లోనే.

"తొలి పులస పడింది, వేలంలో ఇన్ని వేలు పలికింది" అని వార్త వస్తుంది చూడు, అది చూసి కంగారు పడకు. ఒక్క చేప పడితే రాక మొదలైనట్టు కాదు. యానాం వైపు ఒకరు, అంతర్వేది వైపు ఒకరు, బొబ్బర్లంక దగ్గర ఒకరు, ముగ్గురిని పెట్టుకో. ముగ్గురూ ఏట్లోకి దిగేవాళ్లే అయి ఉండాలి, గట్టు మీద అమ్మేవాళ్లు కాదు. వాళ్లలో ఇద్దరు వరసగా మూడు రోజులు "పడుతోంది" అంటే అప్పుడు నమ్ము. సముద్రం దగ్గర పడ్డ చేప కంటే బ్యారేజీ దాకా ఎదురీదిన చేప రుచి వేరు కాబట్టి, బొబ్బర్లంక మనిషి మాటకి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

తేదీ ఎందుకు రాయొద్దంటున్నానో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. తేదీ రాశాక చేప రాకపోతే నీకు టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్ వాసన పట్టేవాళ్లు ఉంటారు. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన సముద్రపు ఇలసని పెట్టెలో పెట్టి పులస అని అంటగడతారు. వెండిలా తెల్లగా తళతళలాడుతుంటే అనుమానించు. ఏట్లో ఎదురీదిన దానికి ఆ తెలుపు మీద కొంచెం ఎరుపు, పసిడి చాయ తిరుగుతుంది. పుస్తెలు అమ్మైనా పులస తినాలని మనవాళ్లు అంటారు గానీ, నీ మెస్‌కి వచ్చేవాడు జీతం డబ్బుతో వస్తాడు. వాడికి ఇలస పెట్టి పులస డబ్బులు తీసుకోవడం మన ఇంటావంటా లేదు.

బోర్డు మీద ఇలా రాయి: "గోదావరి పులస వచ్చిన రోజే వండుతాం. పేరు, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి." అడ్వాన్సు తీసుకోకు. ఒక నోటుపుస్తకం కొని భద్రాచలం మట్టం, ధవళేశ్వరం నుంచి వదిలిన నీరు, తిథి, ముగ్గురు చెప్పిన మాట రోజూ ఒక వరసలో రాసుకో. మొదటి ఏడు ఏమీ అర్థం కాదు. మూడో ఏడు నుంచి నీ అంచనాతో అసలు రోజుకి వారం అటూ ఇటూ దగ్గరికి వస్తావు. అంతకంటే దగ్గరికి నేనూ ఎప్పుడూ రాలేదు. గుడ్లున్న చేపే కావాలని మరీ పట్టుపట్టకు. సీజను చివర్లో అడగడం మానేయ్, పై ఏటికి చేప మిగలాలి.

ఇవాళ ఆరుద్ర కార్తె నడుస్తోంది. భద్రాచలంలో ఇంకా కదలిక లేదు. కదిలిన రోజు నేనే ఫోన్ చేస్తాను. యానాం నుంచి సరుకు కాకినాడ చేర్చి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో వేయిస్తే మర్నాటికి నీకు అందుతుంది, థర్మాకోల్ పెట్టె రెండు వరసల ఐసుతో కట్టమని చెప్పి ఉంచాను. ఈలోపు రెండు మట్టిదాకలు కొని గంజి కాచి పదును చేసి పెట్టుకో. ఆవకాయ నూనె మీ అత్తయ్య సీసాలో పోసి ఉంచింది, ఇటు ఎవరొస్తే వాళ్ల చేతికిచ్చి పంపుతుంది.

ఇట్లు
మీ మామయ్య